చేతి తాళం, మనసు తాళం

(స్వర్ణోత్సవ సభల రెండో రోజు సాయంత్రం చేసిన ప్రసంగ పాఠం. మధ్యలో పాటలు వినిపించిన చోట్లు గుర్తించాం.)

వేదిక మీదున్న మాస్టార్లకు, టీచర్లకు పాదాభివందనాలు. సీనియర్లకు నమస్కారం. జూనియర్లకు ఆశీస్సులు. మా బ్యాచ్ వాళ్ళకి మాత్రం ఏమీ లేదు, పొద్దుటినుంచీ వాళ్ళతోనే కబుర్లాడుతున్నాను, చాలు.

కార్యదర్శిగారు నాకు ఫోన్ చేసి, "డాక్టరమ్మా, నువ్వు ఆరోగ్యం మీద మాట్లాడాలి. షుగరూ, బీపీ అయితే మన వయసు వాళ్ళందరికీ పనికొస్తుంది" అన్నారు. నేను షుగరు డాక్టర్ని కాదండీ, పిచ్చి డాక్టర్ని అన్నాను. ఒక్క క్షణం ఆగి, "అయితే పిచ్చి మీదే మాట్లాడు. కానీ కాస్త సరదాగా ఉండాలి, తర్వాత భోజనాలున్నాయి" అన్నారు. పిచ్చి మీద సరదాగా మాట్లాడటం నాకు చేతకాదు. అందుకని పిచ్చీ, ప్రేమా, పాటలూ మూడూ ఉన్న ఒక విషయం తీసుకున్నాను. సుమారు 400 ఏళ్ళ కిందట యూరపులో పుట్టిన సంగీత నాటకాలు. వాటిని ఒపేరా అంటారు. ఇంగ్లండులో 22 ఏళ్ళు ఉద్యోగం చేశాను. అక్కడ మా వార్డు సిస్టరు తనకు వీలుపడక ఒక టికెట్టు నా చేతిలో పెట్టింది. వృథా పోతుందే అని వెళ్ళాను. అలా పట్టుకుంది, ఇంకా వదల్లేదు.

ఒపేరా అంటే మన పద్యనాటకం కన్నా యక్షగానానికి దగ్గర. పద్యనాటకంలో వచనం వచనంగానే చెబుతారు. ఇందులో మాటలు కూడా పాడతారు. సుమారు 1600 నుంచి 1750 దాకా వచ్చిన వాటిని బరోక్ ఒపేరా అంటారు. మొదట్లో ఇవి ఇటలీలో రాజుల పెళ్ళిళ్ళకీ, పండగలకీ కోటల్లో ఆడేవారు. 1637లో వెనిస్ నగరంలో సాన్ కస్సియానో అనే థియేటరు తెరిచారు. డబ్బులిచ్చి టికెట్టు కొన్న ఎవరైనా లోపలికి వెళ్ళొచ్చు. అక్కడ మారింది కథ. టికెట్టు కొన్నవాడికి రాజుగారి పొగడ్త ఎందుకు? వాడికి మనలాగే ప్రేమ కావాలి, అసూయ కావాలి, మోసం కావాలి. నాలుగేళ్ళు తిరిగేసరికి వెనిస్ వేదికల మీద పిచ్చెక్కిన వాళ్ళు ఒకరి తర్వాత ఒకరు వచ్చేశారు. ఎక్కువమందిది ఒకే కథ. కోరుకున్న మనిషి దక్కరు. దక్కరని తెలిసినా కోరిక నిలవదు. తిండీ నిద్రా పోతాయి, తర్వాత మతి పోతుంది.

ఇది మనకు కొత్త కాదు. మన తెలుగు మాస్టారు తొమ్మిదో తరగతిలో విప్రలంభ శృంగారం దాకా వచ్చి, ఆడపిల్లల వైపు ఒకసారి చూసి, పేజీ తిప్పేశారు. ఆ తిప్పేసిన పేజీలో ఉన్నవి దశావస్థలు. అభిలాషతో మొదలై చింత, స్మృతి, గుణకీర్తన, ఉద్వేగం, విలాపం, ఏడోది ఉన్మాదం. ఆ తర్వాత వ్యాధి, జడత, మరణం. అంటే మన లాక్షణికులు కోరికకీ పిచ్చికీ మధ్య గోడ కట్టలేదు, మెట్లు కట్టారు. కాళిదాసు విక్రమోర్వశీయంలో నాలుగో అంకమంతా పురూరవుడు అడవిలో పడి నెమలినీ, కోయిలనూ, ఏనుగునూ ఊర్వశి ఎక్కడ అని అడుగుతూ తిరగడమే. ఇటలీ వాళ్ళకు కాళిదాసు తెలియదు. అయినా వాళ్ళ ఓర్లాండో కూడా అడవిలోనే పిచ్చివాడయ్యాడు. అతని దగ్గరికి తర్వాత వస్తాను.

ముందు ఒక ఉత్తరం గురించి చెప్పాలి. క్లాడియో మోంటెవెర్ది అని ఒపేరాకి తాతలాంటి సంగీతకర్త. 1627లో ఆయన తన మిత్రుడు అలెస్సాండ్రో స్త్రిజ్జోకు ఒక కొత్త నాటకం గురించి రాశాడు. జూలియో స్ట్రోజ్జీ రాసిన ఆ నాటకంలో లికోరి అనే అమ్మాయి పిచ్చిదానిలా నటిస్తుంది. దానికి సంగీతం ఎలా కట్టాలి? మోంటెవెర్ది అన్నదాని సారాంశం ఇది. పిచ్చిదానికి నిన్న లేదు, రేపు లేదు, ఇప్పుడు నోట్లో ఉన్న మాట ఒక్కటే ఉంది. కాబట్టి సంగీతం వాక్యం అర్థాన్ని పట్టుకుని పోకూడదు, ఒక్కొక్క మాటనే పట్టుకోవాలి. యుద్ధం అంటే యుద్ధంలా మోగాలి. మరుక్షణం శాంతి అంటే శాంతంగా మోగాలి. చావు అంటే చావులా.

ఆ ఉత్తరం చదివినప్పుడు నాకు మన ఊరి కుర్రాడు ఒకడు గుర్తొచ్చాడు. పేరు చెప్పను. మనలో కొంతమందికి చెప్పక్కర్లేదు కూడా. మనకన్నా రెండు క్లాసులు పైన చదివేవాడు, లెక్కల్లో గట్టివాడు. పదో తరగతి సగంలో బడి మానేశాడు. వాళ్ళింటి అరుగు మీద కూర్చుని మాట్లాడుతూ ఉండేవాడు, ఒక మాటకీ ఇంకో మాటకీ పొత్తు ఉండేది కాదు. ఊళ్ళో అందరూ ఆ వాక్యం ఎక్కడికి పోతుందా అని చూసి, ఎక్కడికీ పోక, నవ్వుకుని వెళ్ళిపోయేవారు. వాళ్ళమ్మ మాత్రం ఒక్కో మాటకీ జవాబు చెప్పేది. "బండి వచ్చేసింది" అంటే "వచ్చింది నాన్నా, నిలబడింది" అనేది. "వాన" అంటే కొంగు నెత్తిన వేసుకునేది. ఆవిడ ఏ కాలేజీలోనూ చదవలేదు. నేను సైకియాట్రీలో పీజీ చేసి, పరీక్షలు పాసై, ఇంగ్లండు వెళ్ళి, అక్కడ వార్డులో పాతికేళ్ళ అనుభవం ఉన్న నర్సులు అదే పని చేస్తుంటే చూసి నేర్చుకున్నాను. నిన్న విడుదల చేసిన మన పూర్వ విద్యార్థుల పట్టికలో అతని పేరు లేదు. పదో తరగతి పాసైనవాళ్ళనే లెక్కలోకి తీసుకున్నారట. వచ్చే ముద్రణలో చేర్చమని కార్యదర్శిగారిని ఈ వేదిక మీదనుంచే అడుగుతున్నాను.

సరే, మోంటెవెర్ది ఆ లికోరికి కట్టాలనుకున్న సంగీతం మనకు దక్కలేదు. కానీ ఆ స్ట్రోజ్జీయే 1641లో వెనిస్‌లో ఇంకో దొంగ పిచ్చిదాన్ని వేదిక ఎక్కించాడు. నాటకం పేరే 'దొంగ పిచ్చిది', వాళ్ళ భాషలో 'లా ఫింతా పాత్సా'. సంగీతం ఫ్రాన్చెస్కో సక్రాతి. ట్రాయ్ యుద్ధానికి పంపడం ఇష్టంలేక అకిలీస్‌ని ఆడవేషం వేసి ఒక ద్వీపంలో దాస్తారు కదా, అక్కడి రాజకుమారి దెయిదామియాతో అతనికి ఒక కొడుకు కూడా పుడతాడు. యులిసీస్ వచ్చి కత్తి చూపించేసరికి వీరుడికి వీరత్వం గుర్తొచ్చింది. పెళ్ళి మాట ఎత్తకుండా ప్రయాణం కట్టాడు. దెయిదామియా ఏం చేయాలి? ఏడిస్తే ఆడవాళ్ళు ఏడుస్తూనే ఉంటారు అంటారు. అడిగితే సిగ్గులేదా అంటారు. పిచ్చి నటించింది. పిచ్చిది కాబట్టి ఏమైనా అనొచ్చు. యుద్ధానికి పోయే మగవాళ్ళను అనొచ్చు, దేవుళ్ళను అనొచ్చు, తను నిలబడి ఉన్న ఆ థియేటరునే వెక్కిరించొచ్చు. అన్నీ అన్నది. అకిలీస్ కరిగి పెళ్ళి చేసుకున్నాడు.

ఇందులో నాకు నచ్చేది తెలివి. నటించినది పిచ్చి, అందులో నుంచి బయటికి వచ్చినది అసలు కోరిక. మామూలు మనిషిగా ఉన్నంతసేపూ నోరు తెరవడానికి వీల్లేని ఆడది, మతి పోయిందని అనిపించుకుంటేనే నిజం చెప్పగలిగింది. నా క్లినిక్కులో పూనకాలు వచ్చే కోడళ్ళను చూశాను. ఇంతకన్నా చెప్పను.

ఆ వేషం వేసిన అమ్మాయి అన్నా రెంజీ. వెనిస్ ఆమె కోసం పిచ్చెక్కిపోయింది. రెండేళ్ళ తర్వాత, 1643లో, మోంటెవెర్ది చివరి ఒపేరా 'పొప్పేయా పట్టాభిషేకం'లో ఆమె నీరో చక్రవర్తి భార్య ఒత్తావియాగా వేసింది. ఆ ఒపేరాలో కోరికదే గెలుపు. పొప్పేయా మీద మోజుతో నీరో గురువును చంపిస్తాడు, భార్యను దేశం దాటిస్తాడు, చివర్లో ఇద్దరూ హాయిగా యుగళగీతం పాడుకుంటారు. మన సినిమాల్లో అయితే సెన్సారు వాళ్ళే ఒప్పుకోరు. ఒత్తావియా పడవ ఎక్కేముందు రోముకి వీడ్కోలు చెబుతుంది. ఆ వీడ్కోలు మాటలో మొదటి అక్షరం ఒక్కసారిగా రాదు. విరిగి, మళ్ళీ మొదలై, మళ్ళీ విరిగి, అప్పుడు మాట పూర్తవుతుంది. వినిపిస్తాను.

(పాట)

విన్నారా? అది గాయని తడబడటం కాదు, సంగీతకర్త ఆ తడబాటును స్వరం వేసి రాశాడు.

మోంటెవెర్దిదే ఇంకో చిన్న రచన ఉంది, 1638లో అచ్చయింది. పూర్తి ఒపేరా కాదు, ఒక దృశ్యం. వనకన్య విలాపం. ప్రియుడు వదిలేశాడు, తెల్లవారకముందే ఆ పిల్ల బయటికి వచ్చి అటూ ఇటూ తిరుగుతోంది. కింద మంద్రంలో నాలుగు స్వరాలు, మెట్లు దిగినట్టు ఒకదాని కింద ఒకటి, దిగి మళ్ళీ మొదటికి వచ్చి మళ్ళీ దిగుతాయి. విలాపం మొదటినుంచి చివరిదాకా అంతే. పక్కన ముగ్గురు మగవాళ్ళు నిలబడి, అయ్యో పాపం అని జాలిపడుతుంటారు, జాలిపడటం తప్ప ఇంకేమీ చేయరు. ఆ ఊరూ మన ఊరిలాంటిదే. అచ్చువేసిన ప్రతిలో మోంటెవెర్ది గాయకులకు ఒక సూచన రాశాడు. మగవాళ్ళు చేతి తాళానికి పాడాలట. ఆ అమ్మాయి మాత్రం చేతి తాళానికి కాదు, మనసు తాళానికి పాడాలట. కింద ఆ నాలుగు స్వరాలు గడియారంలా నడుస్తుంటే పైన ఆమె గొంతు కాస్త ముందుకు పోతుంది, కాస్త వెనక పడుతుంది. సంగీతం నేర్చుకున్న వాళ్ళకు తెలుసు, తాళం తప్పడం వేరు, తాళం తెలిసి దాన్ని వదలడం వేరు.

ఫ్రాన్సుకి ఒక్క నిమిషం వెళ్ళొద్దాం. 1676లో లూలీ 'అతిస్' అనే ఒపేరా కట్టాడు, పద్నాలుగో లూయీ రాజుకి అదంటే ప్రాణం. అందులో పిచ్చి కోరుకున్నవాడిలో పుట్టదు, కోరిన దేవత శాపంగా వస్తుంది. సిబెలీ దేవి అతిస్‌ని ప్రేమించింది, అతను ఇంకో అమ్మాయిని ప్రేమించాడు. దేవి అతని మతి పోగొట్టి, ఆ అమ్మాయిని అతని చేతనే చంపించి, తర్వాత మతి తిరిగి ఇచ్చింది. తిరిగి ఇవ్వడమే అసలు శిక్ష. చాలా గొప్ప రచన అంటారు. నాకు మాత్రం ఆ దేవత మీద కోపం వచ్చి సరిగా వినలేకపోతాను.

ఇప్పుడు ఓర్లాండో. ఇటలీ కవి అరియోస్తో 1516లో మొదట అచ్చువేసిన మహాకావ్యంలోని వీరుడు. షార్లమేన్ చక్రవర్తి సేనలో అంతటివాడు లేడు. చైనా దేశపు రాజకుమారి ఆంజెలికాని ప్రేమించాడు. ఆమె గాయపడిన ఒక మామూలు సైనికుడు మెదోరోని బతికించి, అతన్నే చేసుకుంది. ఇద్దరూ చెట్ల మీద తమ పేర్లు చెక్కుకున్నారు. మన స్కూలు వెనక వేపచెట్టు మీద ఎవరు ఏ పేర్లు చెక్కారో ఇక్కడ చెప్పను, ఇద్దరూ ముందు వరసలోనే ఉన్నారు. ఓర్లాండో ఆ పేర్లు చూసి, బట్టలు చింపేసుకుని, చెట్లు పీకేస్తూ దేశాలు పట్టిపోయాడు. కావ్యంలో అతనికి మతి ఎలా తిరిగొచ్చిందంటే, ఆస్తోల్ఫో అనే మిత్రుడు చంద్రలోకానికి వెళ్ళాడు. భూమ్మీద పోయినవన్నీ అక్కడ ఉంటాయట. మనుషుల పోయిన బుద్ధులు కూడా సీసాల్లో పోసి, పేర్లు రాసి పెట్టి ఉన్నాయి. అందులో అన్నిటికన్నా పెద్ద సీసా ఓర్లాండోది. ఆస్తోల్ఫో సీసా కూడా అక్కడే దొరికింది, తన బుద్ధి కొంత పోయిందని అతనికే తెలియదు.

ఈ కథను ఎంతమంది ఒపేరాలుగా కట్టారో. లూలీ 1685లో, వివాల్డీ 1727లో. నేను టికెట్టు దొరికి వెళ్ళి చూసింది హ్యాండెల్‌ది. 1733 జనవరిలో లండన్‌లో హేమార్కెట్ థియేటరులో మొదట ఆడారు. ఓర్లాండోగా పాడినవాడు సెనెసినో, ఆ రోజుల్లో పెద్ద స్టారు. చిన్నప్పుడే శస్త్రచికిత్స చేసి గొంతు పగలకుండా ఆపేసిన గాయకుల్లో ఒకడు. వాళ్ళ గొంతు స్త్రీ స్థాయిలో, ఊపిరి మగవాడిలా ఉండేదట. ఎంత క్రూరమైన ఆచారమో వేరే చెప్పక్కర్లేదు. ఇక మెదోరోగా పాడింది ఒక స్త్రీ. మన వార్షికోత్సవాల్లో ఆడపిల్లలకు వేషాలు ఇవ్వకుండా మగపిల్లల చేతే సత్యభామ వేయించేవారు కదా, అక్కడ అన్నిరకాలూ నడిచాయి.

ఆ కాలపు ఒపేరాకి ఒక కట్టుదిట్టమైన నియమం ఉంది. పాత్ర పాట ఎత్తుకుంటుంది, మొదటి భాగం, తర్వాత వేరే రంగులో రెండో భాగం, మళ్ళీ మొదటి భాగం, ఈసారి గమకాలతో, అలంకారాలతో. పాడి, చప్పట్లు కొట్టించుకుని లోపలికి వెళ్ళిపోవాలి. మన నాటకాల్లో వన్స్‌మోర్ లాగా, కాకపోతే వన్స్‌మోర్ ముందే రాసి పెట్టి ఉంటుంది. కోపమొచ్చినా, దుఃఖమొచ్చినా అదే పద్ధతి. బుద్ధిగల మనిషి బయల్దేరిన చోటికి తిరిగి రావాలి. రెండో అంకం చివర ఓర్లాండోకి మతి పోయినప్పుడు హ్యాండెల్ ఆ పద్ధతిని పక్కన పడేశాడు. పది నిమిషాల పాటు అతను ఎక్కడికీ తిరిగిరాడు. తను చచ్చిపోయాననుకుంటాడు. పాతాళంలో ఉన్నాననుకుంటాడు. వైతరణిలాంటి నది ఉంది, పడవవాడు ఉన్నాడు, పడవ ఎక్కుతాడు. అక్కడ వాద్యాలు ఒక్కసారిగా ఐదు దెబ్బల నడకలో పడతాయి.

ఆ ఐదు దెబ్బలు లండన్ వాళ్ళకు ఎంత వింతో! చాలా ఏళ్ళ తర్వాత చార్ల్స్ బర్నీ అనే సంగీత చరిత్రకారుడు, ఇలాంటి సందర్భంలో తప్ప ఆ నడకను భరించలేం అన్న అర్థంలో రాశాడు. నేను మొదటిసారి విన్నప్పుడు నవ్వొచ్చింది. మనకది ఖండచాపు. చిన్నప్పుడు పాట టీచరుగారు తొడమీద దెబ్బ వేసి నేర్పిందే. ఒక ఊళ్ళో పిచ్చి అనుకున్న నడక ఇంకో ఊళ్ళో పిల్లలకు రెండో నెల పాఠం. మా వైద్యంలో కూడా ఈ ఇబ్బంది ఉంది. చనిపోయిన నాన్నగారు మాట్లాడుతున్నారని ఒక ముసలాయన చెబితే, ఆయన ఏ ఊరివాడో, వాళ్ళింట్లో ఆచారం ఏమిటో అడగకుండా మందు చీటీ రాయకూడదు.

తర్వాత పాతాళరాణి ప్రొసర్పైన్ ఓర్లాండోకి కనబడుతుంది, ఆమె కళ్ళలో నీళ్ళు. అప్పుడు హ్యాండెల్ రాసినది వింటే ఎవరూ పిచ్చిపాట అనరు. చిన్న నాట్యగీతం, పిల్లలు కూడా కూనిరాగం తీయగలిగినంత తేలిక. ఏడవకు, ఆ అందమైన కళ్ళలో నీళ్ళు వద్దు అంటాడు. లేని మనిషి కన్నీళ్ళకు జాలిపడుతున్నాడు. ఆ పల్లవి మళ్ళీ మళ్ళీ వస్తుంది, మధ్యలో ఒకసారి మంద్రం మెట్లు దిగడం మొదలుపెడుతుంది, మోంటెవెర్ది వనకన్య కింద దిగినట్టు. ఇంకోసారి ఉన్నట్టుండి ఉగ్రుడైపోతాడు. మళ్ళీ అదే తీయని పల్లవి.

(పాట)

డాక్టరుగా ఇది విని నేను ఆశ్చర్యపోయాను. పిచ్చి అంటే అరుపులు అనుకుంటారు అందరూ, సినిమాల్లోనూ అంతే చూపిస్తారు. మా దగ్గరికి వచ్చేవాళ్ళలో ఎంతో మృదువైన క్షణాలు ఉంటాయి, భయం మధ్యలో. హ్యాండెల్ ఎక్కడ చూశాడో మరి. ఆ రోజుల్లో లండన్‌లో చూడాలంటే కష్టమేమీ కాదు. బెత్లెమ్ ఆసుపత్రి ఉంది, జనం నోట్లో బెడ్లమ్ అయింది. 1676లో కట్టిన పెద్ద రాజభవనం లాంటి కట్టడం. సెలవు రోజుల్లో జనం వెళ్ళి రోగుల్ని చూసి కాలక్షేపం చేసేవారు. 1770లో గానీ ఆ సందర్శనాలను అదుపు చేయలేదు. హోగార్త్ అనే చిత్రకారుడు ఒక విలాసపురుషుడి పతనాన్ని 8 బొమ్మల్లో గీసి 1735లో అచ్చువేశాడు. చివరి బొమ్మ బెడ్లమ్‌లోనే. వెనక ఖరీదైన బట్టల్లో ఇద్దరు స్త్రీలు వినోదం చూడటానికి వచ్చి నిలబడి ఉంటారు. అంటే ఓర్లాండోకి టికెట్టు కొన్న దొరలూ దొరసానులూ బెడ్లమ్ కూడా చూసి ఉండొచ్చు. అక్కడ నవ్వి ముందుకు కదిలిపోవచ్చు. థియేటరులో కదలడానికి లేదు. సెనెసినో పాడుతున్నంతసేపూ అదే మనిషిని కూర్చుని వినాలి.

మూడో అంకంలో ఓర్లాండో గొర్రెలు కాసే దోరిందాని పట్టుకుని ప్రేమదేవతవంటాడు, ఇంకో క్షణంలో శత్రువంటాడు. ఆమె ఇల్లు కూల్చేస్తాడు. చివరికి అలిసిపోయి నిద్రపోతాడు. ఆ నిద్రపాటకి హ్యాండెల్ దాదాపు వాద్యబృందాన్నంతా ఆపేసి, వయొలెట్టా మరీనా అనే రెండు అరుదైన తంత్రీవాద్యాలు పెట్టాడు. అరియోస్తోలో లేని జొరాస్త్రో అనే మాంత్రికుడు ఒకడున్నాడు ఇందులో. గద్ద తెచ్చిన పాత్రలోని ద్రవం చల్లగానే ఓర్లాండో మామూలు మనిషై లేస్తాడు. లేచి, తను ఏం చేశాడో విని, చచ్చిపోతానంటాడు. ఆపినది ఎవరనుకున్నారు? ఆంజెలికా. ఎవరికోసం మతి పోగొట్టుకున్నాడో ఆమే. అతను చంపేశాననుకున్న వాళ్ళు బతికే ఉన్నారు. అతను వాళ్ళిద్దరినీ కలిపి, నన్ను నేను గెలిచాను అంటాడు.

ఇక్కడ రెండు మాటలు డాక్టరుగా చెప్పకపోతే నాకు నిద్రపట్టదు. ప్రేమ విఫలమైతే దుఃఖం వస్తుంది, డిప్రెషన్ రావచ్చు. స్కిజోఫ్రీనియా లాంటి జబ్బు మాత్రం ఒక్క ప్రేమ పోయినంత మాత్రాన రాదు. ఆ జబ్బు చాలామందిలో ప్రేమించే వయసులోనే మొదలవుతుంది, అందుకని ఊరంతా ఆ అమ్మాయినో అబ్బాయినో తప్పుపడుతుంది. రెండోది, పెళ్ళి చేస్తే తగ్గుతుందా డాక్టరుగారూ అని అడుగుతారు. తగ్గదు. గద్ద తెచ్చే సీసా కూడా లేదు. మందులున్నాయి, నెలలూ ఏళ్ళూ వాడాలి. ఈ రెండు విషయాల్లోనూ ఒపేరా తప్పే. కానీ ఒక విషయంలో ఈ బరోక్ వాళ్ళు తర్వాతి వాళ్ళకన్నా నయం. వందేళ్ళ తర్వాత, 1835లో వచ్చిన 'లూచియా'లో పిచ్చెక్కిన అమ్మాయికి బ్రహ్మాండమైన పాట ఇచ్చి, పాట కాగానే చంపేశారు. ఓర్లాండో, దెయిదామియా, వీళ్ళు మళ్ళీ మనుషుల్లోకి వస్తారు. వాళ్ళకు కుర్చీ వేసి ఉంచారు.

భోజనాలవాళ్ళు తలుపు దగ్గర నిలబడి నన్నే చూస్తున్నారు. ఇంకొక్కటి.

ఇందాక ఆడపిల్లలకు వేషాలు ఇచ్చేవారు కాదని అన్నాను కదా. 1689 నాటికి లండన్ పక్కన చెల్సీలో జోసయాస్ ప్రీస్ట్ అనే నాట్యగురువు నడిపే ఆడపిల్లల బోర్డింగు స్కూలు ఉంది. అక్కడి పిల్లలు ఆడిన నాటకం హెన్రీ పర్సెల్ కట్టిన 'డైడో అండ్ ఈనియస్'. ఇంగ్లీషు ఒపేరాల్లో దాన్ని మించినది లేదంటారు, గంట సేపు మాత్రమే ఉంటుంది. కార్తేజి రాణి డైడో. భర్త పోయాక మళ్ళీ ప్రేమించకూడదనుకున్న మనిషి. ట్రాయ్ నుంచి వచ్చిన ఈనియస్‌ని చూసి మనశ్శాంతి పోగొట్టుకుంది. ఆమె మొదటి పాటే ఆ అశాంతి గురించి, దాని కింద కూడా మంద్రంలో ఒకే వరస తిరుగుతూ ఉంటుంది. అతను వదిలి వెళ్ళాలంటాడు, తర్వాత ఉండిపోతానంటాడు. వెళతానని ఒక్కసారి అనుకున్నావు కదా, చాలు, పో అంటుంది.

డైడో పిచ్చిది కాదు. అదే నాకు విశేషం. ఓర్లాండోకి లేనిది ఆమెకి ఉంది, పక్కన బెలిందా ఉంది. చివరి పాటకు ముందు ఆమె బెలిందానే చెయ్యి ఇమ్మని అడుగుతుంది. తర్వాత మంద్రం దిగడం మొదలవుతుంది, అరస్వరం అరస్వరంగా, ఐదు గతులు, మళ్ళీ మొదటికి. ఆమె వాక్యాలు ఆ ఐదు గతుల దగ్గర ఆగవు, వాటి మీదుగా పోతాయి. కిందది చేతి తాళం, పైది మనసు తాళం. తనను గుర్తుంచుకోమంటుంది, తన కర్మను మరిచిపొమ్మంటుంది.

ఈ రికార్డింగులో పాడినది పేరున్న పెద్ద గాయని. మీరు మాత్రం మన ఏడో తరగతి గదిలోంచి ఒక జడల పిల్ల వచ్చి నిలబడి పాడుతోందని అనుకోండి, మొదట విన్నవాళ్ళకు అలాగే వినబడి ఉంటుంది. పాట మొదలయ్యే ముందే కింది వరస ఒక్కటే ఒకసారి వినబడుతుంది, అది పట్టుకుని వేళ్ళ మీద లెక్కపెట్టండి, మొత్తం 11 సార్లు వస్తుంది. మైకు బాబూ, పెట్టు నాన్నా. కాస్త గట్టిగా.

(పాట)